వడదెబ్బయు ముంజేతి పట్టీయు



ఈనాడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మీరెరుగనిది కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మనవారు చెప్పుకొనుట చిన్ననాటనుండి వినుచునే యున్నాము. ఎండలో కూలిపని చేయువాడు సొమ్మసిల్లి పడుటయు, ఒక్కొక్కప్పుడు ప్రాణమే విడుచుటయు మన యూళ్లలో క్రొత్త సంగతులు కావు. క్రొత్తది ఒక్కటి కలదు. పనివాని ముంజేతికో, జబ్బకో, రొమ్మునకో ఒక చిన్న పట్టీ కట్టి, అతని దేహము ఎండకు ఎంతవరకు ఓర్చుచున్నదో, ఎప్పుడు ఓర్వలేకపోవునో ముందుగా తెలిసికొను సాధనములు ఇప్పుడు వాడుకలోనికి వచ్చుచున్నవి. వానిని గూర్చి నాకు తెలిసినంత చెప్పుదును. నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లకు పైగా రోడ్ల పనులు, కాలువ పనులు చేయించిన పర్యవేక్షకుడను. ఈ విషయమునందు నాకు శ్రద్ధ పుట్టించిన సంగతి మొదట చెప్పి, పిమ్మట శాస్త్రమునకు వత్తును.

అది పల్నాటిలో ఒక రోడ్డు పని. వైశాఖమాసము చివరి దినములు. తారు కాచు పీపాల ప్రక్కన కంకర మోయుటకు ఇరువది యేండ్లయినను నిండని కుర్రవాడొకడు క్రొత్తగా వచ్చెను. అంతకుముందు అతడు ఏదో దుకాణములో నీడపట్టున పనిచేసినవాడు. వచ్చిన మూడవనాడు, పగలు పదునొకండు గంటల వేళ, మా కూలీలలో పెద్దదియగు ఒక ముసలమ్మ నాయొద్దకు వచ్చి, "బాబూ, వీడి మాట తేడాగా ఉంది. నేనొకటడిగితే వీడొకటి చెబుతున్నాడు" అనెను. నేను ఆ కుర్రవాని వంక చూచితిని. ఒడలంతయు చెమట పట్టియున్నది, అడుగు తడబడుచున్నది. రాత్రి త్రాగిన కల్లు దిగలేదు కాబోలునని తలచి, లారీ నీడను పరుండబెట్టుమని చెప్పి, నా పని నేను చూచుకొంటిని. అరగంటకు ఆమె మరల పరుగున వచ్చెను. ఒడలు పెనమువలె కాలుచున్నది. ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా త్రోవలోనే అతడు మరణించెను.

చెమట పోయుచున్నంతవరకు వడదెబ్బ తగులదని నే ననుకొనుచుంటిని. అది పొరపాటు. ఊరకున్న వృద్ధునకు తగులు వడదెబ్బలో చర్మము పొడిగా నుండుట కలదు గాని, కష్టించి పనిచేయువానికి తగిలినప్పుడు చెమట కారుచునే యుండవచ్చును. మాట పొంతన తప్పుట, నడక తడబడుట, అకారణముగా కోపించుట, ఇవియే అసలు గురుతులు. ముసలమ్మ చూచినది సరిగా చూచినది. నేను చూచియు తెలిసికొనలేకపోతిని. ఆ అరగంటలో అతని దేహమును నీటితో తడిపి విసరియుండవలసినది.

ఇక దేహము సంగతి. మన లోపలి వేడిమి 37 డిగ్రీల దగ్గర నిలుచును. 40 దాటి మతి తప్పినచో అది వడదెబ్బ. బరువుపని చేయువాని దేహములో గంటకు 300 కిలోకెలరీలకు తక్కువ కాని వేడి పుట్టును. 60 కిలోల మనుష్యుని వేడిమి ఒక డిగ్రీ పెరుగుటకు ఇంచుమించు 50 కిలోకెలరీలు చాలును. అనగా ఆ వేడి బయటకు పోవు త్రోవ లేనిచో ఒక్క గంటలో ఆరు డిగ్రీలు పెరుగవలసినదే. పెరుగకుండ కాపాడునది చెమట. మీ యింటి మంచినీళ్ల కుండను తలచుకొనుడు. కుండ మేన చెమ్మ యూరి, గాలికి ఆరిపోవుచు, లోపలి నీటి వేడిని తీసికొనిపోవును. మన చర్మమును ఆ కుండవంటిదే. ఒక లీటరు చెమట ఆరినచో 580 కిలోకెలరీల వేడిని తీసికొనిపోవును. పది లీటర్ల నీటిని 58 డిగ్రీలు పెంచునంత వేడి యన్నమాట. అయితే ఆరవలెను. నేలమీద కారిపోయిన చెమట దేహమునకు చేసిన మేలు లేదు. గాలిలో తేమ నిండిన దినమున కుండలో నీరు చల్లబడదు గదా!

దీనికి పూర్వకాలపు పరీక్ష యొకటి చెప్పుదును, వినుటకు వింతగా నుండును. 1775లో చార్లెస్ బ్లాగ్డెన్ అను ఆంగ్ల వైద్యుడు, తాను కొందరు మిత్రులతో నీరు మరగు వేడిమికంటె ఎక్కువ వేడిగల గదిలో కొన్ని నిమిషములు నిలిచి, సుఖముగా బయటకు వచ్చిన వృత్తాంతమును ప్రకటించెను. ఆ గదిలోనే పెట్టిన కోడిగ్రుడ్లును, మాంసపు ముక్కయు ఉడికిపోయెను! ఆ గదిలోని గాలి పొడిగా నుండుటచేత, కొద్దిసేపే నిలుచుటచేత, చెమట వారిని కాపాడెను. తరువాత 1905లో హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు కారన్వాల్ గనులలో పరిశోధించి, మనుష్యుని బాధించునది ఉత్త ఉష్ణమాపకము చూపు అంకె కాదు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము చూపు అంకెయని తేల్చెను. కోస్తా తీరమున 38 డిగ్రీల యుక్కపోత, రామగుండములోని 44 డిగ్రీల పొడియెండకంటె ఎక్కువ నొప్పించుట ఇందువలననే.

1957లో అమెరికా సైన్యమువారికై యాగ్లో, మినార్డ్ అనువారు ఇంకొక మెట్టు ముందుకు పోయిరి. శిక్షణ పొందు సిపాయీలు ఎండకు పడిపోవుచుండగా, తడిగుడ్డ ఉష్ణమాపకమునకు పదింట ఏడుపాళ్లు, ఎండలో నుంచిన నల్లని గోళపు ఉష్ణమాపకమునకు రెండుపాళ్లు, నీడలోని మామూలు ఉష్ణమాపకమునకు ఒక పాలు విలువనిచ్చి, మూటిని కలిపి ఒక్క అంకెగా చేసిరి. ఈ అంకెయే నేడు దేశదేశముల నిబంధనలకు ఆధారము. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండియు, కోనసీమనుండియు మన పిల్లలు అనేకులు గల్ఫు దేశములకు పనికి పోయియున్నారు. అక్కడి ఖతారు ప్రభుత్వము 2021లో చేసిన నిబంధన ప్రకారము జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు, పగలు పది గంటలనుండి మూడున్నర వరకు ఆరుబయట పని చేయింపరాదు. మఱియు ఏ వేళనైనను ఆ మిశ్రమపు అంకె 32.1 డిగ్రీలు దాటినచో పని ఆపవలెను. మీ బిడ్డ అక్కడ నున్నచో ఈ రెండు సంగతులు అతనికి వ్రాయుడు.

గాలిని కొలుచుట ఇంతవరకు. కాని ఒకే ఎండలో పదిమంది పనిచేసినను పదిమందికి ఒకేవిధముగా నుండదు. ఒకడు అలవాటుపడినవాడు, ఒకడు క్రొత్తవాడు. ఒకనికి రాత్రి నిద్ర లేదు, ఒకనికి విరేచనములు. కాబట్టి గాలిని గాక మనుష్యునే కొలువవలెనను తలంపు పుట్టెను. పట్టీల కథ యిక్కడ మొదలగుచున్నది.

దేహపు లోపలి వేడిమిని నేరుగా తెలిసికొనుటకు మ్రింగు మాత్ర యొకటి కలదు. దీనిని 1980 తరువాతి సంవత్సరములలో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసావారును, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలవారును కలసి చేసిరి. 1998లో డెబ్బదియేడేండ్ల వయసున జాన్ గ్లెన్ అంతరిక్షమునకు పోయినపుడు ఈ మాత్రను మ్రింగెను. అది కడుపులో నుండి రేడియో ద్వారా తన వార్త పంపును. పిమ్మట సహజముగా బయటపడును. రేడియోలో మాటలాడువాడను గనుక నాకు దానిపై ఒక విధమగు బంధుప్రీతి కలదు. కాని నూరుమంది కూలీలచేత దినదినము మాత్రలు మ్రింగించుట జరుగు పనికాదు. పరిశోధనలకే అది తగును.

అందుచేత శాస్త్రజ్ఞులు నాడిని ఆశ్రయించిరి. నాడి ఎందులకనగా, ఎండలో పనిచేయునపుడు రక్తమును కండలును కోరును, చల్లబడుటకై చర్మమును కోరును. ఒకే కాలువ నీటిని ఎగువ పొలమువారును దిగువ పొలమువారును ఒకేసారి కోరినట్లగును. పైగా చెమట పోయినకొలది కాలువలో నీరే తగ్గుచుండును. అప్పుడు గుండె వేగముగా కొట్టుకొనక తప్పదు. నీరు త్రాగనివాని నాడి, అదే పని చేయుచున్నను, గంటగంటకు పెరుగుచుండుట ఇందువలననే. 2013లో బుల్లర్ మొదలగు అమెరికా సైనిక పరిశోధకులు నిమిషనిమిషమునకు నాడి లెక్కను వరుసగా చూచినచో, దానినిబట్టి లోపలి వేడిమి ఎంతయుండునో గణితముచేత అంచనా వేయవచ్చునని చూపిరి. నేడు అంగళ్లలో దొరకు అనేకములగు పట్టీలకు మూలము ఇట్టి లెక్కయే.

పట్టీ నాడిని చూచు తీరు రెండు విధములు. రొమ్మునకు కట్టునది గుండెనుండి పుట్టు సూక్ష్మమైన విద్యుత్తును పసికట్టును. ముంజేతిది అడుగుభాగమున ఆకుపచ్చని చిన్న దీపము వెలిగించి, చర్మమునుండి తిరిగివచ్చు వెలుతురును చూచును. నెత్తురు నిండినపుడు వెలుతురు ఎక్కువగా ఇంకును, తగ్గినపుడు తక్కువగా ఇంకును. ఆ హెచ్చుతగ్గులే నాడి. ఇంకొక జాతి యున్నది. 2016లో జాన్ రోజర్స్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును నాణెమంత మెత్తని బిళ్లను ప్రకటించిరి. దానిని ముంజేతికి అంటించినచో, వెండ్రుకవంటి సన్నని కాలువలలోనికి చెమట ప్రవేశించి, ఎంత కారినదియు, అందులో ఉప్పు ఎంతయున్నదియు రంగుల మార్పుచేత తెలియజేయును. ఒకరి చెమటలోని ఉప్పు మరియొకరి దానికి పది రెట్లు కూడ ఉండవచ్చును గనుక ఇది చిన్న ప్రయోజనము కాదు. పని ముగిసిన తరువాత మీలో కొందరి చొక్కాలపై తెల్లని చారలు కట్టుట చూచియుందురు. వారు ఉప్పు ఎక్కువగా పోగొట్టుకొనువారు.

వీనియందు లోపములు లేవా యనిన, కలవు. నేను ముంజేతి పట్టీ ఒకటి కొని పరీక్షించితిని. ఉదయము తొమ్మిదిన్నరకు మా పెరటిలో అరటిపాదులు త్రవ్వుచు, మధ్యమధ్య గడ్డపార దింపి వ్రేళ్లతో నాడి చూచుకొంటిని. వ్రేళ్లకు నిమిషమునకు 118 తగిలెను; పట్టీ 96 అని చూపెను! నా వయస్సు అరువదియారు. చేయి గట్టిగా ఆడించు పనులలో ముంజేతి దీపము మోసపోవుట కలదని తరువాత చదివితిని. చర్మము నలుపైనకొలది దీపపు వెలుతురు ఎక్కువగా ఇంకిపోయి లెక్క బలహీనపడుట కూడ కలదు. ఎండలో పనిచేయు మనవారి మేని రంగు మీకు తెలియును. రొమ్ముపట్టీకి ఈ బాధ తక్కువ, కాని చెమటలో అది ఒరయును. ఇక దేహములో నీరెంత తగ్గెనో చెప్పుదుమని ప్రకటనలు చేయు పట్టీలు చాలవరకు నాడినిబట్టియు చెమటనుబట్టియు ఊహించునవే గాని, చెరువులో కొలకర్ర దింపి చూచినట్లు చూచునవి కావు.

అట్లని వానిని త్రోసివేయరాదు. పట్టీ చూపు ఒక్కొక్క అంకె తప్పుగా నుండవచ్చును; కాని గంటనుండి గంటకు నాడి పెరుగుచు, విశ్రాంతి తీసికొన్నను దిగకున్నచో, ఆ పోకడను పట్టీ దాచదు. ఆ కుర్రవానికి అట్టిది కట్టియుండినచో, పదునొకండు గంటలకు మాట తడబడుటకు ముందే, పది గంటలకో పదిన్నరకో అది మ్రోగియుండునని నా నమ్మకము. నే నతనిని తప్పుగా చదువుటకు అవకాశమే ఉండకపోవును.

పట్టీ లేని యూరిలో ఏమి చేయవలెను? నాడిని వ్రేళ్లతో చూచుట అందరకును వచ్చును. అమెరికాలోని వృత్తిఆరోగ్య శాస్త్రజ్ఞులు చెప్పు లెక్క యిది: 180 లోనుండి వయస్సును తీసివేయగా వచ్చు అంకెను మించి నాడి కొన్ని నిమిషములపాటు నిలిచినచో పని ఆపవలెను. నలుబది యేండ్లవానికి 140. నాకు 114. అందుకే ఆనాడు గడ్డపార ప్రక్కన పెట్టి వేపచెట్టు క్రిందికి పోతిని. విశ్రాంతికి కూర్చున్న వెంటనే నాడి 110 కంటె ఎక్కువగా నున్నచో, తరువాతి దఫా పనికాలమును మూడవవంతు తగ్గింపుమనియు వారు చెప్పుదురు.

రెండవది కాటా. మీ యూళ్లలో మిర్చి తూచుటకో, ప్రత్తి తూచుటకో కాటా ఉండనే యున్నది. పనికి పోవుటకు ముందు మనుష్యుని తూచి, వచ్చిన తరువాత చెమట తుడిచి అవే బట్టలతో తూచుడు. తగ్గిన ఒక్కొక్క కిలో ఒక్కొక్క లీటరు నీరు. 60 కిలోలవాడు 1.2 కిలోలు తగ్గెనా, నూటికి రెండుపాళ్లు తగ్గెనన్నమాట. అప్పటికే పనిచేయు శక్తి క్షీణించును. దాహమును నమ్ముకొనరాదు, అది ఆలస్యముగా వచ్చు వార్తాహరుడు. ఇంకొకటి చెప్పుటకు పెద్దల సభలో సంకోచమైనను చెప్పక తప్పదు: మూత్రపు రంగు. 1994లో ఆర్మ్‌స్ట్రాంగ్ అను శరీరశాస్త్రజ్ఞుడు ఎనిమిది రంగుల పట్టిక చేసెను. లేత గడ్డిరంగు మంచిది. తేనెరంగునకు తిరిగినచో నీరు చాలలేదు. మందులు వాడువారికి ఈ గురుతు తప్పవచ్చును.

నీరు ఎంత త్రాగవలెననిన, ఇరువది నిమిషముల కొకసారి ఒక గ్లాసు. ఒక్కసారిగా చెంబులకొలది త్రాగుట మంచిది కాదు. గంటకు లీటరున్నర దాటరాదు. గంటలకొలది చెమటోడ్చువానికి ఉత్త నీరు చాలదు. ఉప్పు వేసిన మజ్జిగయు, మన తాతలనాటి తరవాణియు ఇందులకు తగినవే. ఆసుపత్రులలో నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లమును ఒక్క లీటరు నీటిలో కలుపవలెను, తక్కువ నీటిలో కాదు. రక్తపు పోటు గలవారు ఉప్పు సంగతి వైద్యుని అడుగవలెను.

క్రొత్తవారి సంగతి మరువకుడు. ఆరుబయట పనిలో వేడిమిచేత మరణించువారిలో సగమునుండి నూటికి డెబ్బదిమంది వరకు మొదటి కొద్దిదినములలోనే పోవుదురని అమెరికా కార్మికరక్షణ శాఖవారి మాట. మా కుర్రవానిది మూడవనాడు. దేహమునకు ఎండ అలవాటగుటకు వారము మొదలు రెండువారములు పట్టును. ఆ తరువాత చెమట త్వరగా పట్టును, అందులో ఉప్పు తగ్గును. కనుక క్రొత్తవానికి మొదటినాడు అయిదింట ఒకపాలు పనియే ఇచ్చి, దినమునకు ఒక్కొక్క పాలు పెంచుచు పోవలెనని వారి నియమము. మన మేస్త్రీలు సరిగా దీనికి విరుద్ధముగా, క్రొత్తవాని సత్తువ చూతమని మొదటినాడే బరువు మోపుదురు.

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను కలిపి రెండువేలమందికి పైగా వడగాలికి మరణించిరని ప్రభుత్వపు లెక్క. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పల్లెలలో మూత్రపిండములు చెడు వ్యాధి సంగతి మీరు వినియుందురు. దానికి కారణము ఇదియని నేటికిని నిర్ధారణ కాలేదు. తగినంత నీరు లేక ఎండలో కష్టించుట కూడ అనుమానింపబడు కారణములలో ఒకటి. మధ్య అమెరికాలోని చెరకు నరుకు కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. అక్కడ ఎల్ సాల్వడార్ దేశములో ఒక చెరకు తోటయందు కూలీలకు వీపున తగిలించుకొను నీటిసంచులు, కదలించు నీడగుడారములు, నియమితమైన విశ్రాంతులు ఇచ్చి చూచిరి. పని కుంటుపడునని యజమానులు భయపడియుందురు. దానికి మారుగా తలకు దినమునకు 5.1 టన్నులు నరుకువారు 7.3 టన్నులు నరికిరి. మెరుగైన కత్తులు కూడ ఇచ్చిరి గనుక ఫలమంతయు నీటిదే యనను. కాని విశ్రాంతి వలన పని చెడలేదని మాత్రము రూఢి.

ఇక చివరి మాట, నాకు మిక్కిలి ముఖ్యమైనది. క్రిందటి వేసవిలో ఇటుకబట్టీ యొద్ద కొందరు కూలీలకు నా పట్టీ చూపి, ఇది మ్రోగినచో నీడకు పోయి కూర్చుండవలెనని వివరించితిని. ఒక ఆడమనిషి అంతయు విని, "మోగితే కూర్చోమంటారు, సరే. కూర్చున్నంతసేపటికి కూలి ఇస్తారా అయ్యగారూ?" అని యడిగెను. వారిది వేయి ఇటుకలకు ఇంతయను లెక్క. కూర్చున్న నిమిషము కూలి పోయిన నిమిషమే. ఆమె ప్రక్కనున్నవాడు వేరొక అనుమానము చెప్పెను: ఎవని పట్టీ ఎక్కువగా మ్రోగునో వానిని మరుసటి దినము పనిలోనికి పిలువరు గదా యని. నేను జవాబు చెప్పలేకపోతిని.

ఈ ప్రశ్నలకు పట్టీ చేసినవారు జవాబు చెప్పరు. పని ఒప్పందములు మీ అరుగులమీద, మీ సమక్షమున జరుగును. ఈ వేసవిలో మేస్త్రి ముఠాను కుదుర్చుకొన వచ్చినపుడు, పని తెల్లవారుజామున మొదలిడి పదిన్నరకు ముగించుటయు, గంటకొకసారి నీడను కూర్చున్న సమయమునకు కూలి తెగకుండుటయు, క్రొత్తవారికి మొదటి అయిదు దినములు తక్కువ బరువును నిండుకూలియు ఇచ్చుటయు, పట్టీలు కట్టినచో వాని లెక్క చూచి ఎవరిని మానిపింపకుండుటయు ఆ కాగితములో వ్రాయించుడు. మేస్త్రి మొదట సణుగును. బయానా చేతబట్టుకొని వచ్చినవాడు ఉత్తచేతులతో పోడు. కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చి మాటలాడుడు.